కారం అంటే 'పికాంతే'!

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చియార్డు తెల్లారకముందే ఘాటెక్కుతుంది. ఎటు చూసినా టిక్కీలు. ఓ పక్క తుమ్ములు, మరో పక్క బేరాలు. ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారి గుప్పెడు తేజ కాయలు చేతిలోకి తీసుకుంటాడు. రంగు చూస్తాడు, ఓ కాయ విరిచి వాసన చూస్తాడు, హిందీలో ఏదో అంటాడు. కమీషన్ కొట్టు గుమాస్తా క్షణం కూడా తడుముకోడు. 'మాల్ అచ్ఛా హై సేఠ్, కలర్ దేఖో, తాలు నహీ' అని అందుకుంటాడు. అందులో సగం హిందీ, సగం తెలుగు. లింగం ఉండదు, వచనం ఉండదు. హిందీ మాస్టారు వింటే తల పట్టుకుంటారు. బేరం మాత్రం కుదిరిపోతుంది!

ఆ గుమాస్తాకి ఇంజినీరింగ్ చదివిన కూతురు ఉందనుకుందాం. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. గ్రామర్ అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'నీ గురించి చెప్పమ్మా' అంటే చాలు... నాలుక పిడచకట్టుకుపోతుంది. మనసులో వాక్యం కట్టి, తప్పుందేమోనని సరిచూసి, మళ్లీ కట్టేలోపు పక్క అమ్మాయి చెప్పేసి కూర్చుంటుంది.

ఇలాంటి తండ్రులూ ఇలాంటి కూతుళ్లూ పత్తి, మిరప పండే ఊళ్లలో ఎందరో. నాలుగు హిందీ ముక్కలతో తండ్రి సంసారం ఈదేశాడు. పదిహేనేళ్ల ఇంగ్లిష్ చదువుతో కూతురు నోరు విప్పలేకపోయింది. ఇప్పుడా అమ్మాయి స్పానిష్ నేర్చుకుంటానంటే ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే. 'ఇంగ్లిషే రాలేదు, ఇంకో భాషా?'

నిజానికి స్పానిష్ దగ్గర ఆ ప్రశ్నే తిరగబడుతుంది. ఇంగ్లిష్‌ను కాసేపు పక్కన పెట్టి, తెలుగు వైపు నుంచి నడిచి వెళ్తే ఆ భాష దగ్గరి దారే.

ఎందుకీ స్పానిష్?

మాతృభాషగా మాట్లాడేవాళ్లు దాదాపు 50 కోట్ల మంది. స్పెయిన్, మెక్సికో మొదలుకుని అర్జెంటీనా, చిలీ దాకా సుమారు 20 దేశాల్లో అదే ప్రధాన భాష. అమెరికాలోనూ ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైగా ఉన్నారు. నరసరావుపేట నుంచో ఒంగోలు నుంచో టెక్సస్‌లోని కొడుకు దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పెరట్లో గడ్డి కోసేవాళ్లూ, ఇంటి పైకప్పు వేసేవాళ్లూ మాట్లాడుకునేది చాలాసార్లు స్పానిషే. స్కూల్లో మనవరాలు రెండో భాషగా తీసుకునేదీ ఎక్కువగా అదే.

ఉద్యోగాల లెక్క వేరే. విదేశీ ఖాతాదారులకు వాళ్ల భాషలోనే జవాబు చెప్పాల్సిన కంపెనీలు హైదరాబాద్, బెంగళూరుల్లో స్పానిష్ వచ్చినవాళ్లను వెతుక్కుంటాయి. అక్కడ వ్యాకరణం మార్కులు ఎవరూ అడగరు. ఫోన్లో అవతలి మనిషి చెప్పింది అర్థమై, తిరిగి నాలుగు ముక్కలు చెప్పగలిగితే ఉద్యోగం. లేకపోతే లేదు. అంటే నేర్చుకున్న భాష మొత్తం ఆ రెండు మూడు నిమిషాల్లో గొంతు పెగలడం మీదే ఆధారపడి ఉంటుంది.

అన్నట్టు, ఆ దేశాలకు మనకంటే ముందే చేరిన ప్రకాశం జిల్లా ప్రతినిధి ఒకరున్నారు. ఒంగోలు గిత్త! పోర్చుగీస్ మాట్లాడే బ్రెజిల్‌లో 'నెలోరే' పేరుతో స్థిరపడి, అక్కణ్నుంచి స్పానిష్ మాట్లాడే పరాగ్వే, బొలీవియా గడ్డి మైదానాల దాకా పాకింది ఆ సంతతి. దానికి భాష సమస్య రాలేదు. మనుషులకే వస్తుంది.

గుండె దడకు కొలబద్ద

కొత్త భాష మాట్లాడాలంటే కలిగే బెరుకు మన పల్లె పిల్లలకే పరిమితం అనుకుంటే పొరపాటు. దాన్ని లెక్కగట్టిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది జరిగింది అమెరికాలో, అదీ స్పానిష్ క్లాసులోనే. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో ఎలైన్ హార్విట్జ్, మరో ఇద్దరు పరిశోధకులు 1986లో ఓ ప్రశ్నావళి ప్రచురించారు. మొత్తం 33 వాక్యాలు. క్లాసులో పేరు పెట్టి పిలుస్తారేమోనని వణుకు పుడుతుందా, పక్కవాళ్లు తనకంటే బాగా మాట్లాడతారనిపిస్తుందా, ఇంటి దగ్గర వచ్చిన పాఠం క్లాసులో మర్చిపోతారా... ఇలాంటివి. దాన్ని పూరించింది స్పానిష్ అప్పుడే మొదలుపెట్టిన విద్యార్థులు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశంలో, చుట్టూ స్పానిష్ వినిపించే రాష్ట్రంలో, కాలేజీ చదువుతున్న పిల్లలు! వాళ్లలోనూ చాలామందికి గుండె దడదడలాడింది.

పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, ఇది తెలివికి సంబంధించింది కాదు. మామూలుగా ధైర్యంగా ఉండే మనిషికీ భాషా తరగతిలో ప్రత్యేకంగా పుట్టే భయం ఇది. ఎందుకంటే, మిగతా సబ్జెక్టుల్లో తప్పు చేస్తే లెక్క తప్పుతుంది. భాషలో తప్పు చేస్తే మనిషే తప్పినట్టు అనిపిస్తుంది. పాతికేళ్ల మనిషి మూడేళ్ల పాపలా 'నాకు... నీళ్లు... కావాలి' అనాల్సి వస్తే ఆ నామోషీ అంతా ఇంతా కాదు.

మిర్చియార్డు గుమాస్తాకి ఆ నామోషీ లేదు. అతని దృష్టి సేఠ్ మొహం మీద ఉంటుంది, తన వ్యాకరణం మీద కాదు. కూతురి దృష్టి తన మీదే ఉంటుంది. తేడా అంతా అక్కడే.

నాకు ఇష్టం... మే గుస్తా!

ఇక తెలుగువాళ్లకు స్పానిష్ ఎలా దగ్గరో చూద్దాం. 'నాకు కాఫీ ఇష్టం' అనేది మన వాక్యం. ఇంగ్లిష్‌లో ఇదే మాటకు 'ఐ' అని మొదలెట్టాలి. అక్కడ ఇష్టపడేవాడు కర్త. స్పానిష్‌లో? 'మే గుస్తా ఎల్ కఫే'. మే అంటే నాకు. అచ్చం మన వాక్యమే! 'నాకు తల నొస్తోంది' అన్నా అంతే. 'మే దుయేలే లా కబేసా'. నాకు, నొస్తోంది, తల. ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కు వెళ్లే అమెరికన్ పిల్లలు ఈ వాక్యం దగ్గర నెలల తరబడి తంటాలు పడతారు. తెలుగు పిల్లలకు అది అమ్మ ఒళ్లో నేర్చిన వరసే. అయినా మనవాళ్లూ తడబడతారు. కారణం, తెలుగును ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అక్కణ్నుంచి స్పానిష్‌లోకి మార్చడం. గుంటూరు నుంచి తెనాలి వెళ్లడానికి హైదరాబాద్ మీదుగా పోవడం అన్నమాట!

ఇంకో ఉదాహరణ. కూర కారంగా ఉన్నా, వేడిగా ఉన్నా ఇంగ్లిష్‌వాడికి 'హాట్' ఒక్కటే. మన దగ్గర కారం వేరు, వేడి వేరు. స్పానిష్‌లోనూ అంతే. కారం అయితే 'పికాంతే', వేడి అయితే 'కలియెంతే'. గొడ్డుకారం తిని పెరిగిన పిల్లలకు ఈ రెండూ ఎందుకు వేరుగా ఉండాలో పాఠం చెప్పాలా?

'నేను మాట్లాడతాను' అనకుండా 'మాట్లాడతాను' అన్నా మనకు అర్థమవుతుంది. క్రియ చివరే మనిషిని పట్టిస్తుంది. స్పానిష్‌లో 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు, 'ఆబ్లా' అంటే మాట్లాడతాడు లేదా మాట్లాడుతుంది. నేను, నువ్వు అని ప్రతిసారీ తగిలించక్కర్లేదు. పెద్దవాళ్లకు మీరు, చనువున్నవాళ్లకు నువ్వు అనే తేడా కూడా ఉంది. 'ఉస్తెద్', 'తూ'.

చిత్రంగా అనిపించేది 'మఞానా'. దానికి రేపు అనీ అర్థం, ఉదయం అనీ అర్థం. ఒకే మాటకు రెండర్థాలేమిటని విసుక్కునేముందు మన 'రేపు' సంగతి గుర్తుచేసుకోవాలి. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజామే. రేపూమాపూ అనే జంటలో అది ఇంకా బతికే ఉంది.

మరి అంతా నల్లేరు మీద నడకేనా? కాదు. బల్ల ఆడదట, సూర్యుడు మగవాడట, చెయ్యి 'మానో' అని మగ పదంలా ముగిసినా ఆడదట! వచ్చింది అంటే మనిషికీ మేకకీ సరిపెట్టుకునే తెలుగువాళ్లకు ఇది నిజంగానే చికాకు. 'ఉండటం' అనడానికి రెండు క్రియలున్నాయి. 'సేర్', 'ఎస్తార్'. ఇక్కడా తెలుగు కొంత ఆదుకుంటుంది. 'ఆమె డాక్టరు' అన్నప్పుడు మనకు క్రియే అక్కర్లేదు, అక్కడ సేర్. 'ఆమె ఇంట్లో ఉంది', 'కాఫీ చల్లగా ఉంది' అంటే అక్కడ ఎస్తార్. అన్నిచోట్లా ఈ కిటుకు పనిచేయదు. 'పొడుగ్గా ఉంది' దగ్గర బోల్తా కొడుతుంది. తొలి మెట్టుగా మాత్రం పనికొస్తుంది.

గొర్రె చెప్పే ఉచ్చారణ

ఉచ్చారణ దగ్గర మనకున్న పెట్టుబడి ఇంకా ఎక్కువ. స్పానిష్‌లో అచ్చులు అయిదే. ఆ, ఏ, ఈ, ఓ, ఊ. రాసినట్టే పలుకుతాయి. చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, తెలుగులాగే. 'ఎస్పాఞా' అనేటప్పుడు వచ్చే ఆ అక్షరం ఇంగ్లిష్‌వాళ్లకు లేదు. మనకుంది. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత ఎప్పుడూ వాడని 'ఞ'! ఇన్నాళ్లకు దానికో పని దొరికింది.

'పెరో' అంటే కానీ. 'పెర్రో' అంటే కుక్క. ఆ ర్ర పలకలేక ఇంగ్లిష్‌వాళ్లు నాలుక మడతపెట్టుకుంటారు. గొర్రె, బర్రె, కర్ర, గుర్రం అంటూ పెరిగిన మన నోటికి అదో లెక్కా? గొర్రె అన్నంత గట్టిగా పెర్రో అంటే సరిపోతుంది.

తెలుగు పిల్లలు దెబ్బతినేది మరోచోట. స్పానిష్ 'త', 'ద'లు మన త, దల్లాగే పళ్లకు నాలుక తగిలిస్తే వస్తాయి. కానీ ఇంగ్లిష్ అక్షరాలు కనపడగానే అలవాటుకొద్దీ ట, డ అనేస్తారు. 'తూ' కాస్తా టూ అవుతుంది. 'తోమాతే' టొమాటో అవుతుంది. అది తెలుగు తెచ్చిన తప్పు కాదు, ఇంగ్లిష్ తెచ్చిన తప్పు. అందుకే మొదటి రెండు వారాలు పాఠం పక్కనే తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోవడం మంచిది. దీన్ని నామోషీగా చూసే టీచర్లున్నారు. వాళ్ల మాట ఈ ఒక్క విషయంలో వినకపోయినా నష్టం లేదు.

మేజా, కాజా, బాల్చీ

మొదటిరోజు క్లాసుకు వెళ్లేముందే తెలుగువాళ్ల జేబులో కొన్ని మాటలుంటాయి. స్పానిష్‌కు తోబుట్టువైన పోర్చుగీస్ మన తీరాలకు తెచ్చిన మాటలవి. మేజాబల్లలోని మేజా స్పానిష్‌లో 'మేసా'. తువ్వాలు 'తొఆయా'. బొత్తాం 'బొతోన్'. మేస్త్రీ 'మాయెస్త్రో'. పాదిరి 'పాద్రే'. బాల్చీ 'బాల్దే'. సబ్బు 'హబోన్'. దర్జీ చొక్కాకి కుట్టే కాజా కూడా పోర్చుగీస్ 'కాజ' నుంచి వచ్చిందే. స్పానిష్‌లో 'కాసా' అంటే ఇల్లు. బొత్తాం ఉండే ఇల్లు కాబట్టి కాజా! ప్రకాశం జిల్లాను పోషించిన పొగాకు అక్కడ 'తబాకో'.

మిరపకాయ కథ మరీ విచిత్రం. 1492లో కొలంబస్ బయల్దేరింది మన మిరియాల కోసం. అతనికి దొరికింది అమెరికా, ఆ గడ్డ మీది మిరప. మిరియాన్ని స్పానిష్‌లో 'పిమియెంతా' అంటారు. దాని మీదే ఈ కొత్త కాయకు 'పిమియెంతో' అని పేరొచ్చింది. తర్వాతి శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఆ కాయను మన దేశానికి తెచ్చారు. మన పెద్దలూ అచ్చం అదే పని చేశారు. మిరియం తెలుసు కాబట్టి కొత్త కాయకు అదే మాట మీద మిరప అని పేరు పెట్టారు. సముద్రానికి అటూ ఇటూ ఇద్దరికీ ఒకటే ఆలోచన!

ఇక 'చిల్లీ' అనే మాట మెక్సికో ఆదివాసుల నాహువాత్ భాషది. అక్కడివాళ్లు ఇప్పటికీ 'చీలే' అంటారు. పెరూ వెళ్తే 'ఆహీ' అనాలి. స్పెయిన్‌లో సన్న కారపు కాయను 'గిందీయా' అంటారు. చిలీ దేశం పేరుకూ ఈ కాయకూ మాత్రం చుట్టరికం లేదు.

అనంతపురంలో స్పానిష్

ఇవన్నీ వినడానికి బాగానే ఉన్నాయి. పల్లెటూరి పిల్లలకు నిజంగా స్పానిష్ నేర్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మన రాష్ట్రంలోనే ఉన్నారు. మిరప నేలకు కాస్త దూరంగా, వేరుశనగ పండే అనంతపురంలో.

బార్సిలోనాలో 1920లో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చారు. 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టారు. 2009లో కన్నుమూసేదాకా ఆ జిల్లానే తన ఊరనుకున్నారు. మనవాళ్లు ఆయన్ని విన్సెంట్ అంటారు, స్పెయిన్‌లో 'బిథెంతే'. ట్రస్టు సాయంతో చదివే పిల్లలకు స్పెయిన్‌లోని కుటుంబాలు అండగా నిలిచాయి. పిల్లలు తెలుగులో ఉత్తరాలు రాస్తే అవి అనువాదమై అక్కడికి వెళ్లేవి. అక్కడి ఉత్తరాలు ఇక్కడికి వచ్చేవి. ఆ కుటుంబాలవాళ్లు పల్లెలు చూడటానికి వస్తే పక్కన దుబాసీలు కావాలి. అలా కరవు జిల్లాలో స్పానిష్ వినిపించడం మొదలైంది.

2011లో ట్రస్టు అనంతపురంలో విదేశీ భాషల శిక్షణ సంస్థను ప్రారంభించింది. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని గ్రామీణ యువతకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పించడం దాని పని. కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు అక్కడ చేరారు. ఇంగ్లిష్ ముక్క పలకడానికే బిడియపడేవాళ్లు స్పానిష్ నేర్చి నగరాల్లో కంపెనీ ఉద్యోగాల్లోకి వెళ్లారు.

ఇంగ్లిష్ దగ్గర తడబడిన పిల్లలు స్పానిష్ దగ్గర ఎలా నెగ్గారు? కొంత వరకు ఊహించవచ్చు. ఇంగ్లిష్ క్లాసులో కాన్వెంటు పిల్లలుంటారు. వాళ్ల పక్కన పల్లెటూరి పిల్లాడు మొదటిరోజే ఓడిపోయి కూర్చుంటాడు. స్పానిష్ క్లాసులో అందరూ అఆల దగ్గరే. కలెక్టరు కూతురికీ రాదు, కౌలురైతు కొడుక్కీ రాదు. పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్న 'నాకు ఇంగ్లిష్ రాదు' అనే బరువు అక్కడ దిగిపోతుంది. పైగా మాట్లాడటానికి నిజమైన మనిషి ఎదురుగా ఉంటాడు. పరీక్ష కోసం కాకుండా, 'మీ ఊళ్లో వానలు పడ్డాయా' అని అడిగే మనిషితో మాట్లాడటం వేరు.

హైదరాబాద్‌లో అయితే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. ఇంగ్లిష్ కోసం 1958లో మొదలైన సంస్థ అది. తర్వాత విదేశీ భాషలనూ చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ స్పానిష్‌లో డిగ్రీయే చేయొచ్చు. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ కేంద్రం 2009లో ఢిల్లీకి వచ్చింది.

సిగ్గుపడబోతే...

ఎంత ధైర్యం చెప్పినా తప్పులు తప్పవు. స్పానిష్ విద్యార్థుల్లో తరతరాలుగా నవ్వులు పూయిస్తున్న తప్పు ఒకటుంది. మాట మర్చిపోయిన అమ్మాయి 'సిగ్గుగా ఉంది' అని చెప్పబోయి, ఇంగ్లిష్ 'ఎంబరాస్' గుర్తొచ్చి 'ఎస్తోయ్ ఎంబరసాదా' అంటుంది. దానర్థం 'నేను కడుపుతో ఉన్నాను' అని! సిగ్గుపడటానికి అసలు మాట 'వెర్గ్వెన్సా'. అలాగే స్పెయిన్‌లో 'కొన్‌స్తిపాదో' అంటే జలుబు చేసినవాడు, మలబద్ధకం కాదు. బయటికి వెళ్లే దారికి 'ఎక్సితో' అని వెతికితే దొరకదు, అది విజయం. దారి 'సలీదా'. 'రోపా' తాడు కాదు, బట్టలు. 'సోపా' సబ్బు కాదు, తాగే సూపు.

గమనిస్తే ఈ గోతులన్నీ ఇంగ్లిష్ తవ్వినవే. తెలుగు నుంచి నేరుగా వెళ్లేవాడు వీటిలో ఒక్కదాంట్లోనూ పడడు.

మర్యాద కూడా మనవాళ్లను ఇబ్బంది పెడుతుంది. స్పెయిన్ నుంచి వచ్చిన టీచరు తనను పేరు పెట్టి పిలవమంటారు, 'తూ' అనమంటారు. అక్కడది మామూలే. మాస్టారిని నువ్వు అనడమా అని మన పిల్లల నోరు రాదు. వాక్యం సగంలోనే ఆగిపోతుంది. టీచరేమో పాపం, పాఠం రాలేదనుకుంటారు. అలాంటప్పుడు మొహమాటపడకుండా ఉస్తెద్ వాడుకోవచ్చు. గౌరవం ఎక్కువైందని ఎవరూ మార్కులు తగ్గించరు. కొలంబియాలో చాలాచోట్ల ఇంట్లోవాళ్లనూ ఉస్తెద్ అనే పిలుచుకుంటారు.

నాలుగు, మూడు, రెండు

వింటే చాలు, మాటలు అవే వస్తాయన్నది సగం నిజం. కెనడాలో ఫ్రెంచ్ మీడియంలో చదివే ఇంగ్లిష్ పిల్లలను పరిశీలించి మెరిల్ స్వెయిన్ 1985లో ఓ సంగతి చెప్పారు. ఏళ్ల తరబడి వినడం వల్ల వాళ్లకు అన్నీ అర్థమవుతున్నాయి, మాట్లాడటం దగ్గర మాత్రం వెనకబడ్డారు. నోటికి పని చెబితే తప్ప ఎక్కడ తడబడుతున్నామో మనకే తెలియదన్నది ఆమె వాదన. మన ఇంజినీరింగ్ అమ్మాయి కథ కూడా ఇదే.

నోటికి పని చెప్పడానికి ఇల్లు దాటక్కర్లేని పద్ధతి ఒకటుంది. న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 1989లో పరిశీలించిన పద్ధతి. ఒకే విషయాన్ని ముందు ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి. అదే విషయం రెండోవాళ్లకు మూడు నిమిషాల్లో. మూడోవాళ్లకు రెండు నిమిషాల్లో. కొత్త మాటలు వెతకక్కర్లేదు. మొదటిసారి పొలంలో కాలిబాట వేయడం, రెండోసారి అదే బాటలో నడవడం, మూడోసారి పరుగెత్తడం. వినేవాళ్లకు స్పానిష్ రాకపోయినా ఫరవాలేదు. తమ్ముడు, తాతయ్య, ఫోన్లో రికార్డరు... ఎవరైనా సరే.

విషయం మాత్రం సొంతదై ఉండాలి. పుస్తకంలో ఉండే మాడ్రిడ్ మ్యూజియం గురించి కాదు. పత్తి తీతలకు అమ్మ ఎన్నింటికి లేస్తుంది, కల్లంలో మిరప ఆరబోసినప్పుడు వాన పడితే ఇల్లంతా ఎలా పరుగులు తీస్తుంది, తాలు కాయలు ఎందుకు ఏరేస్తారు... ఇవి చెప్పడానికి ఎవరికైనా మాటలు పొంగుకొస్తాయి. పత్తి 'అల్గొదోన్', వాన 'యూవియా', పొలం 'కాంపో'. మూడు మాటలు నేర్చుకుంటే ముప్ఫై వాక్యాలకు దారి దొరుకుతుంది.

మధ్యలో మాట తట్టకపోతే? తెలుగులో మనం ఏం చేస్తాం? 'అదీ...', 'మరీ...', 'ఏంటంటే...' అంటాం. స్పానిష్‌వాళ్లూ అంతే. 'ప్వేస్...', 'ఆ బేర్...', 'ఓ సేఆ...' అంటూ సాగదీస్తారు. వ్యాకరణ పుస్తకాలు వీటిని పట్టించుకోవు కానీ, నోరు మూతపడకుండా నిలబెట్టేవి ఇవే. వీటితోపాటు మూడు వాక్యాలు కంఠతా ఉంటే ఎంతటి సంభాషణలోనైనా మునిగిపోకుండా ఈదొచ్చు. 'నో ఎంతియెందో' అంటే అర్థం కాలేదు. 'మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్' అంటే కాస్త నెమ్మదిగా చెప్పండి. 'కోమో సే దీసే' అంటే దీన్నెలా అంటారు. అర్థం కాలేదని ఆ భాషలోనే చెప్పగలగడం కూడా మాట్లాడటమే కదా. మిర్చియార్డులో గుమాస్తా రోజుకు ఇరవైసార్లు చేసేది అదే పని. 'క్యా బోలా సేఠ్?'

పరీక్ష గదిలో

స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే 'డెలే' పరీక్షలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. చదవడం, వినడం, రాయడం అయ్యాక నోటి పరీక్ష. మొదటి మెట్టులో అడిగే మొదటి అంశం అందరికీ తెలిసిందే. నీ గురించి నువ్వు చెప్పు.

క్యాంపస్ ఇంటర్వ్యూలో నాలుక పిడచకట్టించిన ప్రశ్న అది. ఈసారి మన అమ్మాయి దాన్ని తమ్ముడికి నాలుగు నిమిషాల్లో, తాతయ్యకు మూడు నిమిషాల్లో, ఫోన్‌కు రెండు నిమిషాల్లో చెప్పి వచ్చిందనుకుందాం. పేరు చెబుతుంది. 'సోయ్ దే గుంటూర్' అంటుంది. నాన్న మిర్చి మార్కెట్‌లో పనిచేస్తాడని చెప్పబోయి మార్కెట్ మాట మర్చిపోతుంది. 'ప్వేస్...' అని ఒక్క క్షణం ఆగుతుంది. 'మెర్కాదో!' దొరుకుతుంది. బల్లకు అవతల ఉన్నాయన నవ్వి, మీ ఊరి వంట బాగా కారమా అని అడుగుతాడు.

'సీ, సెఞోర్. ముయ్ పికాంతే!'